బోడి గుట్టను తేనె పెట్టెలతో మళ్లీ పచ్చగా చేయడం ఎలా

మొదటి పెద్ద వాన పడ్డ రోజు ఒక ఖాళీ గాజు సీసా పట్టుకుని మీ ఊరి ఒర్రె (చిన్న వాగు) దగ్గరికి పోండి. గుట్ట మీంచి దిగొచ్చే ఎర్ర నీళ్లు సీసా నిండా పట్టి, ఇంట్లో కదలకుండా రెండు రోజులు పెట్టండి. అడుగున ఎంత మట్టి దిగిందో స్కేలుతో కొలిచి, సీసా మీద తేదీ రాసి దాచండి. తేనెటీగల గురించి చెప్తానని సీసాతో మొదలుపెట్టారేంటి అనిపించవచ్చు, కానీ ఈ పనిలో మొదటి మెట్టు ఇదే. ఏటా ఇట్లాగే కొత్త సీసా పట్టి చూస్తే, అడుగున మట్టి తగ్గుతుందా లేదా అన్నదే మన అసలు లెక్క. తేనె ఎన్ని కిలోలు వచ్చిందన్నది దాని తర్వాతి సంగతి.

మాది వరంగల్ జిల్లా నర్సంపేట వైపు ఊరు. ఊరి పైన గుట్ట, గుట్ట కింద ఎర్ర చెలకలు, వాటి కింద చెరువు. గుట్ట మీద చెట్లు పోయాక మట్టి ఆగలేదు, ఏటా కొంత చెరువులోకి దిగింది. 2015లో చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక పూడిక తీశారు, ఆ ఒండ్రు ట్రాక్టర్లతో చెలకల్లో తోలుకున్నాం, అందరం సంబరపడ్డాం. నాలుగైదు వానాకాలాలు గడిచేసరికి తూము ముందు మళ్లీ మేట వేసింది. మాకు దగ్గర్లోనే ఉన్న పాకాల చెరువు గణపతిదేవుడి కాలం నాటిది, ఎనిమిది వందల ఏళ్లయినా నిలిచే ఉంది. దాని చుట్టూ అడవి ఉంది, 1952 నుంచి అభయారణ్యం కూడా. మా చెరువు పైన అడవి లేదు. తేడా కళ్ల ముందే కనిపిస్తుంటే ఇంకెవర్ని అడగాలి?

ముందే ఒక మాట సూటిగా చెప్తున్నా. తేనెటీగలు మట్టిని ఆపవు. మట్టిని ఆపేది కందకం, రాయి, గడ్డి, వేరు. మరి ఈగలెందుకు? గుట్ట మీద మొక్కలు నాటడం పెద్ద కష్టం కాదు, నాటినవాటిని మూడేళ్లు కాపాడటం కష్టం. ఏటా హరితహారం పథకంలో నాటిన మొక్కలకు ఏమైందో అందరూ చూశారు. ఆ గుట్ట మీద పూసే పువ్వుతో ఊళ్లో పది ఇళ్లకు ఎంతో కొంత ఆదాయం వస్తే, కొమ్మ నరికే చేయి ఒక క్షణం ఆగుతుంది, ఎండాకాలం నిప్పు పెట్టేవాణ్ని ఎవరో ఒకరు అడ్డుకుంటారు. ఇంకోటి, కానుగ, నేరేడు, చింత, వేప లాంటి చెట్లకు ఈగలు తిరిగితేనే కాయ బాగా పడుతుంది, కాయ ఉంటేనే విత్తనం, విత్తనం ఉంటేనే మనం నాటకుండా మొలిచే మొక్క. (సీతాఫలానికి మాత్రం తేనెటీగ పని లేదు, దాని పువ్వులోకి చిన్న పెంకు పురుగులు దూరతాయి.)

పెట్టెలు కొనకముందు పూల లెక్క రాయండి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. శిక్షణకు పోయి, ఆ ఊపులో పది పెట్టెలు తెచ్చి గుట్ట కింద పెట్టేస్తారు. జూన్ వచ్చేసరికి పెట్టెలు ఖాళీ. నేనూ అదే చేశాను. మొదటి ఏడాది రెండు పెట్టెలు పెట్టి, మే నెలలో కనిపించిన తేనంతా తీసేశాను. మృగశిర కార్తె దాటిన వారానికి మూత తెరిచి చూస్తే ఒక్క ఈగ లేదు. జబ్బు కాదు, మందు దెబ్బ కాదు, తిండి లేక లేచిపోయాయి.

అందుకే ఒక నోటుబుక్కులో పన్నెండు నెలలకు పన్నెండు పేజీలు పెట్టండి. మీ గుట్ట, చెలకలు, చెరువు శిఖం, ఇళ్ల పెరళ్లు కలిపి, పెట్టె పెట్టాలనుకున్న చోటు నుంచి కిలోమీటరు, కిలోమీటరున్నర లోపల ఏ నెలలో ఏం పూస్తుందో రాయండి. మన తొర్ర తేనెటీగ ఎక్కువగా ఆ దూరంలోనే తిరుగుతుంది. మీకు గుర్తుండనివి మేకలు కాసే పెద్దమనుషుల్ని, తునికాకు ఏరే ఆడవాళ్లని అడగండి. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో వాళ్లకు తెలిసినంత వివరంగా ఎవరికీ తెలియదు.

మా వైపు లెక్క ఇట్లా తేలింది. నవంబరు, డిసెంబరులో కంది పూత, కుంకుడు. జనవరి, ఫిబ్రవరిలో మామిడి, అక్కడక్కడ ధనియాలు, ఆవాలు. మార్చి, ఏప్రిల్ పండగే, వేప, కానుగ, ఇప్ప, నేరేడు, ఎండాకాలపు నువ్వులు. మేలో చింత. సెప్టెంబరు, అక్టోబరులో రేగు, గునుగు, పత్తి. మధ్యలో చూడండి, మే చివర నుంచి ఆగస్టు దాకా పేజీలు దాదాపు ఖాళీ. మొక్కజొన్న పూత ఉంటుంది కానీ అందులో పుప్పొడి తప్ప మకరందం లేదు.

ఈ ఖాళీ పేజీలే ఈ పనికి కీలకం. ఈగకు ఆకలి వేసే నెలలే గుట్ట మీద వాన పడే నెలలు కూడా. బోడి గుట్ట మీద అప్పుడు పువ్వు లేదంటే చాలావరకు ఆకు కూడా లేదన్నట్టే, వాన నేరుగా మట్టి మీద పడుతోందన్నట్టే. ఈగ ఆకలి తీర్చే మొక్కలు నాటుతూ పోతే, మట్టికి కావలసిన కప్పు కూడా చాలావరకు దానంతటదే వస్తుంది. ఏం నాటాలన్నది ఏ నర్సరీలో దొరికేదాన్ని బట్టో కాకుండా ఈ ఖాళీ పేజీల్ని బట్టి తేల్చుకోండి.

మేకలోళ్లతో మాట్లాడండి, గుట్ట మొత్తం అడగకండి

గుట్ట బంచరాయి (ఊరి ఉమ్మడి మేత భూమి) అయితే గ్రామ పంచాయతీ తీర్మానం కావాలి, అటవీ భూమి అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా పలుగు కూడా వేయకండి. కాగితం కంటే ముందు గొర్లు, మేకలు ఉన్న ఇళ్లతో కూర్చోండి. గుట్టంతా మూసేస్తామంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం న్యాయమే, వాళ్ల బతుకు అది. ఒర్రె తలకాయ దగ్గర, అంటే నీళ్లు మొదట చేరే చోట, ఐదెకరాలు మూడేళ్ల కోసం అడగండి. అందులో పెరిగే గడ్డిని కోసుకుపోవచ్చని, మేత మాత్రం వద్దని చెప్పండి. పెట్టెలు ఇచ్చేటప్పుడు మొదటి పెట్టెలు ఆ ఇళ్లకే ఇవ్వండి. ఇది మొహమాటానికి చెప్తున్న మాట కాదు. పొద్దున లేస్తే గుట్ట మీద ఉండేది వాళ్లే, నిప్పు కనిపిస్తే మొదట చూసేదీ వాళ్లే.

మట్టి పని

పైనుంచి కిందికి రావాలి. ఒర్రె కింద చెక్‌డ్యాం కట్టి పైన గుట్టను వదిలేస్తే రెండేళ్లకు చెక్‌డ్యాం పూడుతుంది.

గుట్ట వాలు మీద ఒకే ఎత్తులో గీత గీయడానికి ఇంజనీరు కోసం ఎదురుచూడక్కర్లేదు. ఆరేడు అడుగుల కర్రలు రెండు పైన కట్టి, కాళ్లు విడదీసి, నడుమ అడ్డంగా ఇంకో కర్ర కట్టండి. పైముడి నుంచి దారానికి రాయి వేలాడదీయండి. రెండు కాళ్లూ నేల మీద పెట్టి, దారం అడ్డకర్రను తాకే చోట బొగ్గుతో గుర్తు పెట్టండి. కాళ్లు అటూ ఇటూ మార్చి అవే గుంటల్లో పెట్టి మళ్లీ గుర్తు పెట్టండి. రెండు గుర్తుల సరిగ్గా మధ్య దారం ఆగితే రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. ఇట్లా అడుగు మీద అడుగు వేసుకుంటూ సున్నంతో గీత గీసుకుంటూ పోండి.

ఆ గీత మీద రెండు మూడు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు కందకాలు తీయండి. ఒకదాన్నొకటి కలపకండి. పై వరుసలో ఖాళీ వదిలిన చోటికి ఎదురుగా కింది వరుసలో కందకం రావాలి. తీసిన మట్టిని దిగువ వైపు, అంచు నుంచి అడుగు దూరం వదిలి కట్టలా పోయండి. ఒర్రె పాయల్లో దొరికిన రాళ్లనే అడ్డంగా పేర్చండి, సిమెంటు వద్దు, నీళ్లు రాళ్ల సందుల్లోంచి పోవాలి, మట్టి మాత్రం వెనక ఆగాలి. ఇవన్నీ ఉపాధి హామీ పనుల్లో పెట్టించుకోవచ్చు. ఏప్రిల్, మేలో పని పూర్తయితే వానకు సిద్ధం.

ఏం నాటాలి

నన్ను ఒక్క మొక్క పేరే చెప్పమంటే వావిలి అంటాను. పశువులు ముట్టవు, కొమ్మ గుచ్చితే బతుకుతుంది, ఒర్రె అంచుల్ని వేళ్లతో పట్టేస్తుంది, వానాకాలంలో నీలి పూల గుత్తులతో నిండి ఉంటుంది, ఈగలు దాన్ని వదలవు. ఒర్రె పొడవునా రెండు వైపులా వావిలి గుచ్చండి, కంచె అదే, పూల తోట అదే.

కందకం కట్ట మీద గ్లైరిసిడియా కొమ్మలు పెట్టండి, చలికాలం చివర గులాబీ రంగు పూత వస్తుంది, ఆకు ఎరువుకు పనికొస్తుంది. కట్టల మధ్య తంగేడు, కానుగ. తంగేడును కూడా మేకలు పెద్దగా ముట్టవు, దాని పుప్పొడి ఈగపిల్లలకు తిండి, ఇక బతుకమ్మ నాడు తంగేడు కోసం పక్క ఊళ్లకు పోయే బాధ కూడా తప్పుతుంది. వాన నెలల ఖాళీ నింపేందుకు సండ్ర, నల్లతుమ్మ, ఒర్రె తేమ ఉన్న చోట తెల్లమద్ది, ఇళ్ల దగ్గర మునగ, కరివేపాకు. చింత ఎట్లాగూ ఉండాలి. కట్టల మీద వట్టివేరు గడ్డి పెట్టి, స్టైలో అనే పశుగ్రాసం విత్తనం చల్లితే మొదటి ఏడాదే మట్టి కదలడం తగ్గుతుంది.

వేప విత్తనం విషయంలో జాగ్రత్త. పండు రాలాక రెండు మూడు వారాల్లోనే మొలిచే శక్తి పోతుంది, దాచి మళ్లీ ఏడాది చల్లుదామంటే ఒక్కటీ మొలవదు. జూన్, జులైలో ఏరిన వారంలోనే కందకం కట్ట మీద గుచ్చేయండి. జామాయిల్ పూతకు ఈగలు బాగా వస్తాయని కొందరు చెప్తారు, నిజమే, కానీ గుట్ట మీద దాన్ని నాటమని నేను చెప్పను. దాని కింద గడ్డి పలచబడుతుంది, మనకు కావలసింది నేల కప్పి ఉండటం.

ఇప్పుడు పెట్టెలు

కందకాలు తీసి, మొక్క నాటి, కనీసం ఒక వానాకాలం గడిచాకే పెట్టె తేవడం మంచిది. మొదట రెండు చాలు. ఒక్కటే ఉంటే పోల్చుకోవడానికి ఇంకోటి ఉండదు. ఒకదానిలో రాణి చచ్చిపోతే రెండో దాని నుంచి గుడ్లున్న ఫ్రేము (పట్టు కట్టే చెక్క చట్రం) తెచ్చి ఆదుకోవచ్చు.

ఏ ఈగ? గుట్ట బాగు కోసమైతే మన తొర్ర తేనెటీగే, పుట్టల్లో, చెట్టు తొర్రల్లో, పాత బాయి గోడల్లో ఉండేది. ఐరోపా ఈగ తేనె ఎక్కువ ఇస్తుంది, కానీ దాన్ని పూతను బట్టి లారీల్లో ఊళ్లు మారుస్తుండాలి, మే నెలలో మన ఎండకు, తర్వాతి ఆకలికి ఒకే చోట తట్టుకోవడం కష్టం. పైగా బోడి గుట్ట కింద యాభై పెట్టెలు దించితే ఉన్న కాస్త పువ్వునూ అవే తోడేస్తాయి, అడవి ఈగలకు మిగలదు. మర్రి కొమ్మలకు, వాటర్ ట్యాంకులకు పెద్ద పట్టు పెట్టే కొండ తేనెటీగను పెట్టెలో పెంచలేం. దాన్ని తగలబెట్టకుండా వదిలేయడమే మనం చేయగలిగిన మేలు.

పెట్టె ఎనిమిది ఫ్రేములది, ఐఎస్ఐ కొలతలది తీసుకోండి. ఊళ్లో వడ్రంగితో చేయిస్తే ఫ్రేముల మధ్య సందు మాత్రం తేడా రానీయకండి, సుమారు తొమ్మిది మిల్లీమీటర్ల దారి ఉండాలి. అంతకంటే ఎక్కువైతే అడ్డదిడ్డంగా పట్టు కట్టేస్తాయి, తక్కువైతే మైనంతో అతికిస్తాయి. ఈగల కుటుంబాన్ని పెంపకందారు దగ్గర కొనొచ్చు, లేదా ఖాళీ పెట్టె లోపల మైనం రుద్ది, చలి తగ్గి పూత మొదలయ్యే రోజుల్లో చెట్టు నీడన ఎత్తుగా పెట్టి ఎదురుచూడొచ్చు. పుట్టలోంచి పట్టు తీసి అరటినారతో ఫ్రేముకు కట్టి పెట్టెలోకి మార్చడం మాత్రం ఒకసారి తెలిసినవాళ్ల పక్కన నిలబడి చూశాకే చేయండి. మామునూరు, మల్యాల, జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రాల్లో శిక్షణ ఎప్పుడుందో అడగండి. కేంద్ర ప్రభుత్వ తేనె మిషన్ కింద సబ్సిడీ సంగతి ఉద్యాన శాఖలో కనుక్కోండి, కానీ సబ్సిడీ వచ్చేదాకా ఆగి ఒక పూత పోగొట్టుకోకండి.

పెట్టె ముఖం తూర్పుకు ఉండాలి, మధ్యాహ్నం నుంచి నీడ పడాలి. పిల్ల పట్టు, అంటే ఈగపిల్లలు పెరిగే పట్టు దగ్గర ఈగలు 34, 35 డిగ్రీల వేడి నిలుపుకుంటాయి. బయట 44, 45 ఉన్నప్పుడు నీళ్లు మోసి, రెక్కలతో విసిరి చల్లబరుస్తాయి. అందుకని పెట్టె దగ్గర్లో వెడల్పాటి మట్టిపాత్రలో గులకరాళ్లు వేసి నీళ్లు పోయండి, రాళ్లు లేకపోతే మునిగి చస్తాయి. పెట్టె పైన తడి గోనెసంచి, దాని మీద తాటాకులు. స్టాండు నాలుగు కాళ్లూ నీళ్ల గిన్నెల్లో ఉండాలి, చీమలు ఎక్కితే ఒక్క రాత్రి చాలు.

వారం, పది రోజులకోసారి ఎండ మెత్తగా ఉన్నప్పుడు తెరిచి చూడండి. ద్వారం ఎదురుగా నిలబడకండి, పక్క నుంచి పోండి. పిడక పొగ కొద్దిగా చాలు. గుడ్లు కనిపిస్తే రాణి ఉన్నట్టే, రాణిని వెతుకుతూ పెట్టె చల్లార్చకండి. పట్టు అడుగు అంచున పొడవాటి రాణి గదులు కనిపిస్తే కుటుంబం చీలబోతోందని అర్థం, అప్పుడే రెండుగా విడదీస్తే కొత్త పెట్టె చేతికొస్తుంది. ఈగలు కప్పని పట్టు ఉంటే తీసేయండి, మైనపు పురుగు అక్కడే గూడు కడుతుంది. ఈగ కుడితే ముల్లును గోటితో గీకి తీయండి, పిండకండి. ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి.

ఆకలి నెలల్లో తేనె అర్ధ ఫ్రేముకు తగ్గితే చక్కెర, నీళ్లు సమపాళ్లలో కలిపి పాకం ఇవ్వండి, చీకటి పడ్డాక, పెట్టె లోపలే. బయట చిందితే పక్క పెట్టె ఈగలు దోపిడీకి వస్తాయి. నాటిన మొక్కలు పూతకొచ్చే కొద్దీ ఏటా పాకం ఎంత పోశారో నోటుబుక్కులో రాయండి. ఆ చక్కెర లెక్క తగ్గుతోందంటే గుట్ట లేచి నిలబడుతోందన్నట్టు.

మందు కొట్టే రోజుల సంగతి

మన దగ్గర గుట్ట కింద పత్తి, మిర్చి. దీని గురించి మాట్లాడకుండా పెట్టె పెట్టడం ఈగల్ని చంపడానికి తెచ్చినట్టే. 2021లో నల్ల తామర పురుగు మిర్చిని ఎట్లా ఊడ్చేసిందో మనకు తెలుసు, ఆ తర్వాత వారానికి రెండుసార్లు పిచికారీ చేసిన చెలకలు చూశాను. రైతును తప్పుపట్టలేం, అప్పు తెచ్చిన పంట అది. ఒక ఏడాది మా పెట్టె ముందు చచ్చిన ఈగలు చాటెడు పడి ఉన్నాయి. పక్క పత్తి చేనులో పూత మీద పొద్దున మందు కొట్టారు. ఆయన్ను అడిగితే, పెట్టె ఉందని నాకెవరు చెప్పారు అన్నాడు. నిజమే, మేం చెప్పలేదు.

కాబట్టి పెట్టెల చుట్టూ ఉన్న ప్రతి రైతు ఇంటికీ పోయి చెప్పండి. మూడు మాటలే అడగండి. కొట్టే ముందు రోజు ఫోన్ చేయమని, సాయంత్రం ఈగలు గూటికి చేరాకే కొట్టమని, గట్ల మీద గడ్డి మందు కొట్టొద్దని. ఫోన్ వస్తే రాత్రికి ద్వారానికి జాలీ కట్టి, పైన తడి గోనె వేసి, మరుసటి రోజు మధ్యాహ్నం దాకా ఉంచొచ్చు, అంతకు మించి మూస్తే వేడికి ఉక్కిపోతాయి. మిర్చిలో నీలి జిగురు అట్టలు, పత్తిలో మగ పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టడానికి చేతనైతే మీరే సాయం పట్టండి. జనగామ వైపు ఏనెబావి ఊరంతా 2006లోనే పురుగుమందులు, రసాయన ఎరువులు మానేసింది, మన నేలల్లోనే, మన పంటల్లోనే. అంత దూరం అందరూ రేపే పోలేరు. ఆ రైతు తన దోస, గుమ్మడి తీగల్లో కాయ ఎక్కువ పడటం చూసిన రోజు మీరు చెప్పే మాట ఇంకాస్త వింటాడు.

తేనె తీయడం

మార్చి, ఏప్రిల్ పూతలో, పెట్టె పై అరలో, అంటే తేనె దాచే అరలో, ఫ్రేము ముప్పావు భాగం మైనపు మూత పడ్డాక తీయండి. మూత పడని తేనెలో నీరెక్కువ, పులుస్తుంది. కింది పిల్ల అరలోది ముట్టకండి. మే వచ్చాక పై అరలో ఉన్నదీ ముట్టకండి, అది వాటి జూన్, జులై గ్రాసం. పట్టు పిండకుండా తిప్పే యంత్రంతో తీస్తే అదే పట్టు మళ్లీ పెట్టెలో పెట్టొచ్చు. తేనెను కాచొద్దు, పలుచటి బట్టతో వడగట్టి స్టీలు డబ్బాలో ఒక రోజు ఉంచితే నురగ పైకి తేలుతుంది. తొర్ర ఈగ పెట్టె ఏడాదికి నాలుగైదు కిలోలు ఇస్తే బాగా ఇచ్చినట్టే. పదిహేను, ఇరవై కిలోల మాటలు చెప్పేవాళ్లని నమ్మి అప్పు చేయకండి.

మొదటి తీతలో ఒక సీసా ఆ ఐదెకరాలు వదిలిన మేకలోళ్ల ఇళ్లకు, ఒక సీసా ఫోన్ చేసే రైతుకు పోవాలి. మూడో ఏడాది గడిచాక పంచాయతీలో కూర్చుని పక్క ఐదెకరాల గురించి అడిగేటప్పుడు, మట్టి నీళ్ల సీసాలు మూడూ తేదీలతో సహా బల్ల మీద వరసగా పెట్టండి.